జాయిస్ కళ్లు.. తలో దారి పట్టే చుక్కలు

జేమ్స్ జాయిస్ ఫొటో ఎప్పుడైనా చూశారా? మందపాటి కళ్లద్దాలు, కొన్నింట్లో ఒక కంటి మీద నల్లటి ప్యాచ్. ‘యులిసెస్’ నవల రాసిన ఈ ఐర్లండ్ రచయిత దాన్ని సోకు కోసం పెట్టుకోలేదు. పాతికేళ్ల వయసులో మొదలైన కంటి జబ్బు ఆయన్ను చివరిదాకా వదల్లేదు. మీ ఇంట్లో ఎవరైనా నీటికాసులకు (గ్లకోమాకు) చుక్కల మందు వేసుకుంటుంటే ఆయన కథ మీకూ పనికొస్తుంది.

జాయిస్ 1882లో డబ్లిన్‌లో పుట్టారు. 1904లో నోరాతో కలిసి దేశం విడిచి, ట్రియెస్ట్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకొంటూ కాలం గడిపారు. 1907లో అక్కడే రుమాటిక్ జ్వరంతో ఆసుపత్రి పాలయ్యారు. ఇంచుమించు అప్పుడే కంటి బాధలూ మొదలయ్యాయి. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర వాచే జబ్బు అది. పేరు ఐరైటిస్. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టేది.

వాచిన పొర వెనకనున్న కటకానికి అతుక్కుపోతే కంట్లో ఊరే నీరు బయటికి పోవటానికి దారి ఉండదు. లోపల ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతింటుంది. అదే నీటికాసులు. చిక్కు ఇక్కడే ఉంది. పొర అతుక్కోకుండా ఉండాలంటే పాపను పెద్దది చేసే అట్రోపిన్, స్కోపలమిన్ వంటి చుక్కలు వేయాలి. జాయిస్‌కూ ఇవి వాడారు. కానీ పాప పెద్దదైతే కొందరిలో ఒత్తిడి ఇంకా పెరిగిపోతుంది. అప్పట్లో నీటికాసులకు వాడే పైలోకార్పిన్ చుక్కలేమో పాపను చిన్నది చేస్తాయి. ఒక జబ్బుకు మేలు చేసే చుక్క రెండోదానికి చేటు!

1917 ఆగస్టులో జ్యూరిచ్ వీధిలో నడుస్తుండగానే నొప్పి విరుచుకుపడింది. కొద్దిరోజుల్లోనే కుడికంటికి ఆపరేషన్ చేసి, రంగు పొరలో చిన్న ముక్క తీసేశారు. తర్వాత పారిస్‌లో మరెన్నో ఆపరేషన్లు. జలగలు కూడా పట్టించారు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. కన్ను ఎర్రబడితే ఫ్రిజ్‌లో మిగిలిన పాత సీసా తీస్తున్నారా? అందులో స్టిరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గుతుంది గానీ, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా రోజుల తరబడి వాడితే కొందరిలో కంటి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు కాబట్టి మీకు తెలియదు కూడా. నీటికాసుల మందుల్లోనూ జాగ్రత్త కావాలి. టిమోలాల్ చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం తేవచ్చు, గుండె వేగాన్ని తగ్గించవచ్చు. ఈ జబ్బులుంటే కంటి డాక్టర్‌కు ముందే చెప్పండి. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను ఒకట్రెండు నిమిషాలు వేలితో అదిమి పట్టండి. మందు లోపలికి తక్కువగా పోతుంది. రెండు మందులుంటే మధ్య 5 నిమిషాలైనా ఆగాలి. లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చేతులు కడుక్కోవటం, సీసా మొనను రెప్పలకు తాకనివ్వకపోవటం మామూలే. మూత తీసిన నెల తర్వాత చాలా చుక్కలు పారేయాల్సిందే. తేదీని సీసా మీదే రాసుకోండి. చూపు బాగానే ఉందని మాత్రం మీ అంతట మీరు మందు ఆపొద్దు.

మళ్లీ జాయిస్ దగ్గరికి వద్దాం. ‘యులిసెస్’ 1922లో, సరిగ్గా ఆయన 40వ పుట్టినరోజున వచ్చింది. తర్వాతి నవలకు పెద్దపెద్ద అక్షరాలతో, రంగు పెన్సిళ్లతో రాసుకునేవారు. వెలుతురు కాగితం మీద పడాలని తెల్లకోటు వేసుకునేవారు. 1930లో జ్యూరిచ్‌లో ఆల్ఫ్రెడ్ వోగ్ట్ ఎడమకంటికి ఆపరేషన్ చేస్తే చూపు కొంత మెరుగైంది. నిజం చెప్పాలంటే జాయిస్ అంత బుద్ధిమంతుడైన రోగి కాదు. మళ్లీ పరీక్షకు వెళ్లటంలో దాదాపు రెండేళ్లు జాప్యం చేశారు. 1932లో వెళ్లేసరికి కుడికన్ను బాగా దిగజారిపోయింది. వోగ్ట్‌కు కోపమొచ్చింది. ఆ తర్వాత ఎడమకన్నే ఆయనకు ఆధారం. దాంతోనే ‘ఫినెగన్స్ వేక్’ పూర్తిచేశారు. అది 1939లో అచ్చయ్యింది.

1941 జనవరి 13న పేగు పుండు పగిలి, ఆపరేషన్ తర్వాత జ్యూరిచ్‌లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు.