పరిశోధనా తపస్వి యల్లాప్రగడ సుబ్బారావు

మన ప్రబంధకవులు ప్రతి ఆశ్వాసం చివర గద్యంలో తమ పేరును, తండ్రి పేరును చెప్పుకొన్నారు. కావ్యకర్త ఎవరన్న సందేహానికి దానివల్ల తావు లేకపోయింది. శాస్త్రజ్ఞునికి అటువంటి గద్యం పరిశోధన పత్రం శీర్షిక కింద ఉండే పేర్ల వరుస. ఎవరు ఏమి సాధించారో విద్వల్లోకం నిర్ణయించేది ఆ వరుసను బట్టే. క్యాన్సర్ చికిత్సను మలుపు తిప్పిన ఒక ఔషధం వెనుక నిలిచిన తెలుగువాని పేరు మాత్రం ఆ ఔషధాన్ని తొలిసారి లోకానికి తెలిపిన పత్రం కర్తలలో కనిపించదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గాని ఆయన ఉత్తీర్ణులు కాలేదు. రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలన్న కోరికకు తల్లి అడ్డుపడగా, మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. స్వదేశీ దీక్షతో ఖద్దరు వస్త్రాలు ధరించి శస్త్రచికిత్స తరగతులకు వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. సోదరులిద్దరు స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధికి కొద్దిరోజుల తేడాతో బలి అయ్యారు. ఆ దుఃఖం ఆయన మనస్సులో మాసిపోలేదు. మామగారి ఆర్థిక సహాయంతో 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కే వద్ద పనిచేస్తూ, రక్తంలోను మూత్రంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సుబ్బారావు రూపొందించారు. భాస్వరం మాలిబ్డేటుతో కలిసిన తరువాత తగిన రసాయనాన్ని చేర్చితే ద్రావణం నీలివర్ణం పొందుతుంది. ఆ నీలం ఎంత గాఢంగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ అన్నమాట. 1925లో వెలువడిన ఈ పత్రంలో ఫిస్కే పేరు తరువాత సుబ్బారావు పేరు ఉంది. జీవరసాయన శాస్త్రంలో పరిశోధకులు అత్యధికంగా ఉదహరించిన పత్రాలలో ఇది ఒకటి. ప్రయోగశాలల్లో దానిని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే వ్యవహరిస్తారు.

ఆ పద్ధతియే కండరాల రహస్యాలకు తలుపు తెరిచింది. ఆ ఇద్దరే 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని వెల్లడించారు. ఎ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. ఆ ఘనతను చాలామంది గ్రంథకర్తలు లోమన్‌కే కట్టబెట్టారు. 1930లో సుబ్బారావుకు డాక్టరేటు లభించింది గాని, హార్వర్డ్‌లో శాశ్వతమైన స్థానం మాత్రం లభించలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. 1945లో ఆ విషయాన్ని ప్రకటించిన పత్రంలో పదహారుగురి పేర్లున్నాయి. ఆ వరుసలో సుబ్బారావుది ఏడవ స్థానం. బృందనాయకుడు ఎవరో దానినిబట్టి ఎవరూ ఊహించలేరు.

జీవకణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. రక్త క్యాన్సరులో తెల్లకణాలు అదుపు తప్పి వృద్ధి చెందుతాయి. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలకు చెందిన సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఆ వ్యాధిని ఉధృతం చేస్తున్నట్లు గమనించారు. అలాగైతే ఫోలిక్ ఆమ్లం వలె కనిపిస్తూ దాని పనిని అడ్డగించే పదార్థం వ్యాధిని అణచగలదు కదా! సుబ్బారావు విభాగం అటువంటి ప్రతిరోధకాలను తయారుచేసి ఆయనకు అందించింది. వాటిలో అమినోప్టెరిన్ ముఖ్యమైనది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన పత్రం ప్రకారం, చికిత్స పొందిన పదహారుగురు పిల్లలలో పదిమందికి గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా అంతవరకు మరణం తప్ప మరో దారి లేని వ్యాధి మందుకు లొంగడం అదే మొదలు. అమినోప్టెరిన్ నిర్మాణాన్ని 1947లో తెలిపిన పత్రానికి సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అనే ముగ్గురు కర్తలు. ఫార్బర్ పత్రానికి అయిదుగురు కర్తలు. రెండింటి కర్తలలోను సుబ్బారావు లేరు. చేతితో పనిచేసిన వారికే కర్తృత్వం విడిచిపెట్టడం ఆయన స్వభావం. అది ఔదార్యమే కాని, తరువాతి తరాలు ఆయనను మరచిపోవడానికి అదే కారణమైంది.

ఫార్బర్ పత్రం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయస్సులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మిథోట్రెక్సేట్‌తో 1956లో మిన్ చియూ లీ, రాయ్ హెర్ట్జ్ బృందం గర్భసంబంధమైన ఒక క్యాన్సరును నయంచేసింది. పిల్లల రక్త క్యాన్సరుకు, కీళ్లవాతానికి వైద్యులు నేటికీ మిథోట్రెక్సేట్‌నే వాడుతున్నారు. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే ఏంటీబయోటిక్ కూడా ఆయన ఆధిపత్యంలోని ప్రయోగశాలల నుండే వచ్చాయి. భారత ప్రభుత్వం 1995లో ఆయన స్మారకంగా తపాలా బిళ్లను విడుదల చేసింది. అంతకు చాలాకాలం ముందే, 1953లో, మురుగునీటిని శుద్ధిచేసే వడపోత పరికరంలో లభించిన ఒక కొత్త శిలీంధ్రానికి హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు.