గాలి టైరు నిచ్చిన పశువైద్యుడు

పూర్వం సైకిలుకు టైరు ఎన్నుకొనే చిక్కే లేదు. గట్టి రబ్బరు పట్టీ తొడిగిన చక్రమే అందరికీ గతి. నేడు పందెపు కారు కొనే యువకులు ఏ టైరు వేయించాలా అని తర్కించుకొంటున్నారంటే, ఆ భాగ్యం కలిగించిన వారిలో ముఖ్యులు జాన్ బాయిడ్ డన్లప్ గారు.

ఆయన 1840 ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో జన్మించారు. పశువైద్యం అభ్యసించి, మన పెద్దలు ఊరు విడిచి వచ్చినట్లే, ఆయనా 1867లో బతుకుతెరువుకై సముద్రం దాటి ఐర్లండు చేరారు. బెల్‌ఫాస్టు పట్టణంలో పశువైద్యులుగా మంచి పేరు గడించారు.

ఆయన చిన్న కుమారునికి మూడుచక్రాల సైకిలు ఉండేది. రాళ్లు పరచిన వీథుల్లో అది ఎత్తివేసేది. 1887లో తండ్రి ఒక కొయ్యచక్రం చుట్టూ పలుచని రబ్బరు గొట్టం అమర్చి, పైన గుడ్డ బిగించి మేకులు కొట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపారు. దానిని, పాత సైకిలు చక్రాన్ని పెరట్లో దొర్లించి చూచారు. పాతది నడుమనే పడిపోయింది. కొత్తది పెరడంతా దాటి, తలుపుకు తగిలి వెనక్కి ఎగిరింది. మరుసటి సంవత్సరమే, 1888లో, పేటెంటు లభించింది.

ఆ లావుపాటి టైర్లను చూచి జనం నవ్వారు. 1889 మే 18న బెల్‌ఫాస్టు క్వీన్స్ కాలేజీ పందెములలో విల్లీ హ్యూమ్ అనే యువకుడు ఆ టైర్లతో పాల్గొని నాలుగు పందెములూ గెలిచాడు. నవ్వులు ఆగిపోయాయి. ఓడినవారిలో డబ్లిను వర్తకుడు హార్వే డుక్రో గారి కుమారులు ఉన్నారు. ఆ తండ్రి కినుక వహించక, అదే సంవత్సరం టైర్ల కంపెనీ స్థాపనకు పూనుకొన్నారు.

ఇంతలో పిడుగు పడింది. రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండువారు 1845లోనే గాలి చక్రానికి పేటెంటు పొందినట్లు బయటపడి, డన్లప్ గారి పేటెంటు చెల్లకుండా పోయింది. ఆయన 1895లో కంపెనీ నుండి తప్పుకొన్నారు. మరుసటి ఏడే అది ముప్పది లక్షల పౌనులకు అమ్ముడుపోయింది. ఆ సంపదలో ఆయనకు దక్కినది స్వల్పం. 1921 అక్టోబరు 23న డబ్లినులో కన్నుమూశారు.

ధనం పోయినా పేరు నిలిచింది. 1935లో మాల్కం కాంబెల్ గారి బ్లూబర్డ్ కారు గంటకు 300 మైళ్లు దాటినది డన్లప్ టైర్లమీదనే.

మేము రైల్వేలో ఉన్నవాళ్లము. ఉక్కు చక్రానికి ఉక్కు పట్టా చాలునని ఎరుగుదుము. రోడ్డు అటువంటిది కాదు. అక్కడ వేగం, మలుపు, బ్రేకు, అన్నిటి బరువూ టైరు మీదనే. కనుకనే నేడు టైరు ప్రక్కన వేగపు హద్దుకు గుర్తుగా ఒక అక్షరం ముద్రిస్తారు. వి అంటే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ అంటే 270. మన యువకులు మెరుగు చూచి మోసపోక, ఆ అక్షరం చదివి, తమ కారు వేగానికి తగినదే కొనాలి. వస్తువును చూపుతో కాక పరీక్షతో ఎన్నుకోవాలని డన్లప్ గారి పెరడే మనకు నేర్పింది.