బేకలైట్ పితామహుడు లియో బేక్‌లాండ్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, నా వృత్తికి మూలపురుషుడైన లియో బేక్‌లాండ్‌ను పరిచయం చేయాలనిపించింది. ముప్పై ఏళ్లుగా నేను ఫినాలిక్ రెసిన్ల తయారీలోనే ఉన్నాను. పాత ఇళ్లలోని నల్లటి స్విచ్చులు, కుక్కర్ పిడులు మనందరికీ తెలిసినవే. ఆ బేకలైట్‌కు ఆ పేరు ఈయన నుంచే వచ్చింది.

బేక్‌లాండ్ 1863 నవంబర్ 14న బెల్జియంలోని ఘెంట్ నగరంలో పుట్టారు. తండ్రి చెప్పులు కుట్టేవారు, తల్లి ఇళ్లలో పనిచేసేవారు. కొడుకు చదవాలన్న పట్టుదల తల్లిది. నగరం ఇచ్చిన ఉపకార వేతనంతో ఘెంట్ విశ్వవిద్యాలయంలో చేరి, 1884లో డాక్టరేట్ అందుకున్నారు. 1889లో తన గురువుగారి అమ్మాయి సెలీన్‌ను పెళ్లాడి అమెరికా వెళ్లారు. అక్కడ తాను రూపొందించిన వెలాక్స్ ఫోటో కాగితాన్ని 1899లో ఈస్ట్‌మన్ కోడాక్‌కు అమ్మారు. ఆ డబ్బుతో జీవితాంతం హాయిగా కూర్చోవచ్చు. ఆయన మాత్రం న్యూయార్క్ దగ్గర యోంకర్స్‌లోని తన ఇంటి ఆవరణలో ప్రయోగశాల పెట్టుకున్నారు.

అప్పట్లో విద్యుత్ పరికరాల ఇన్సులేషన్‌కు లక్క వాడేవారు. అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. దానికి ప్రత్యామ్నాయం వెతుకుతూ ఆయన ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల వైపు చూశారు. ఈ రెండూ కలిస్తే జిగట పదార్థం వస్తుందని జర్మన్ శాస్త్రవేత్త బేయర్ 1872లోనే గమనించారు. కానీ అది దేనిలోనూ కరగదు, పాత్రను వదలదు. చాలామంది విసిగి వదిలేశారు.

బేక్‌లాండ్ పట్టుకున్నది చర్య వేగాన్ని. కొద్దిగా క్షారం కలిపితే ఫినాల్ చురుకవుతుంది. దాని వలయంలో మూడు చోట్ల ఫార్మాల్డిహైడ్ చేరగలదు. అలా ఏర్పడిన అణువులు వేడికి నీటిని వదులుతూ ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. చర్యలో పుట్టే వేడి చర్యను ఇంకా తొందరపెడుతుంది. నీటి ఆవిరి నురగలు కక్కించి పదార్థాన్ని గుల్ల చేస్తుంది. అందుకని ఇతరులు వేడి తగ్గించారు. ఆయన వేడి పెంచి, దానితోపాటు ఒత్తిడి కూడా పెంచారు. ఒత్తిడిలో బుడగలు లేవవు, గట్టిపడటం త్వరగా పూర్తవుతుంది. చర్యను ఆయన మూడు దశలుగా విడదీశారు: మొదటిది కరిగేది, రెండోది వేడికి మెత్తబడేదే గాని కరగనిది, మూడోది ఎంత వేడికీ కరగనిది. మధ్యలో ఆపడం చేతనైంది కాబట్టే దాన్ని అచ్చుల్లో పెట్టడం సాధ్యమైంది. 1907లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1909 ఫిబ్రవరిలో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశంలో ప్రకటించారు. 1910లో కంపెనీ మొదలైంది.

నేటికీ మా పనికి ఇదే ఆధారం. రియాక్టర్ చల్లబరచడం ఆలస్యమైతే చర్య అదుపు తప్పుతుంది. అలా ప్రాణాలు పోయిన సంఘటనలు మా రంగంలో ఉన్నాయి. అందుకే కొత్తగా చేరినవాళ్లకు సమీకరణాల కంటే ముందు గడియారం, థర్మామీటర్ చూడటం నేర్పుతాను. మరో మాట కూడా చెప్పాలి. మళ్లీ కరగని గుణమే బేకలైట్‌కు మన్నిక ఇచ్చింది, పారేశాక దాన్ని కరిగించి తిరిగి వాడుకోలేకపోవడానికీ అదే కారణం.

బేక్‌లాండ్ 1944 ఫిబ్రవరి 23న కన్నుమూశారు. ఘెంట్ నగరం ఆ ఉపకార వేతనం ఇవ్వకపోతే ఆ కుర్రవాడికి తండ్రి పనే దిక్కయ్యేదేమో. మన బడిలోనూ అలాంటి పిల్లలు ఇప్పుడు చదువుతున్నారు. ఈ స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం ఏటా ఒక విద్యార్థి పైచదువుకు కేటాయించాలని సంఘాన్ని కోరుతున్నాను. నా వంతు నేను ఇస్తాను.