పిట్ట కోసం బతికిన మనిషి – సలీం అలీ

సలీం అలీ పేరు మన జువాలజీ పాఠాల్లో ఒక్క పంక్తిలో వచ్చి పోతుంది. గొప్ప పక్షిశాస్త్రజ్ఞుడు అని చదువుకుని మనం పేజీ తిప్పేస్తాం. కెమెరా మెడలో వేసుకుని జీడితోటల వెంట తిరిగే నాలాంటివాడికి మాత్రం ఆయన జీవితం ఒక్క పంక్తితో తీరదు. ఆయన చేతిలో ఎక్కువకాలం ఉన్నవి తుపాకి, దుర్భిణి, నోటుబుక్కు. అయినాసరే, చెట్ల మధ్య పిట్ట ఫోటో బాగా రావాలంటే ముందు ఈయన కథ తెలియాలని నా నమ్మకం.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో ఒక బోహ్రా ముస్లిం కుటుంబంలో పదో బిడ్డగా పుట్టాడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్లకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచాడు. పిల్లవాడికి ఎయిర్‌గన్ ఆట. ఒకరోజు కొట్టిన పిచ్చుకకు గొంతు కింద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక? అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర కుర్రాణ్ణి కసరకుండా పిట్ట పేరు చెప్పి, అరల నిండా ఉన్న పక్షుల నమూనాలు తీసి చూపించాడు. ఆ పూటతో కుర్రవాడి దారి తేలిపోయింది.

చదువు మాత్రం సాఫీగా సాగలేదు. కాలేజీ మధ్యలో వదిలి, కుటుంబ వ్యాపారం చూడ్డానికి బర్మా వెళ్లాడు. అక్కడ అడవి కనిపించింది గాని వ్యాపారం కనిపించలేదు. 1917లో తిరిగొచ్చి మళ్లీ చదువులో పడ్డాడు. 1918లో తెహ్మీనాతో పెళ్లి. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి ష్ట్రెసెమాన్ అనే పండితుడి దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నాడు. 1930లో తిరిగొచ్చి చూస్తే ఏముంది? డబ్బు లేదని ఆ ఉద్యోగమే ఎత్తేశారు!

మరొకడైతే ఏ ఆఫీసులోనో గుమాస్తాగా చేరేవాడు. ఈయన భార్యతో సముద్రం అవతల కిహీం అనే పల్లెకు చేరి, గిజిగాళ్లను చూస్తూ కూర్చున్నాడు. నెలల తరబడి చూసి తేల్చిన సంగతి ఏమిటంటే, గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి పరీక్ష చేసి, నచ్చితేనే ఉంటుంది. అప్పుడు మగది గూడు పూర్తిచేసి, ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. అంతవరకు పండితులకే అంతుపట్టని విషయం ఇది.

మా నౌపడ పొలాల్లో తాటిచెట్ల నిండా గిజిగాడి గూళ్లే. మా నాయనకు అది చేను మేసే దొంగ, వడిసెలతో తోలాల్సిన పిట్ట. రెండు మాటలూ నిజమే. అయితే సలీం అలీ సంగతి చదివాక నేను గూటి దగ్గర ఊరికే క్లిక్కులు కొట్టడం మానేశాను. ఆడపిట్టలు రాగానే మగవి గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటాయి. ఫోటో ఉన్నది ఆ క్షణంలోనే. అది ఎప్పుడు వస్తుందో లెన్సు చెప్పదు, పిట్టను చూసినవాడే చెప్పగలడు.

ఇక లెన్సు సంగతి. నాది సెకండ్‌హ్యాండు కెమెరా, 300 మిల్లీమీటర్ల టెలిఫోటో లెన్సు. మా నాయన ధాన్యం డబ్బులోంచి ఇచ్చిన సొమ్ముతో కొన్నది. ఇలాంటి లెన్సులో దూరపు పిట్టతో పాటు చేతి వణుకు కూడా పెద్దదవుతుంది. అందుకే 300 లెన్సుకు షట్టరు వేగం కనీసం సెకనులో 300వ వంతు ఉండాలని పాత లెక్క. పిట్ట రెక్క విదిల్చితే 1000వ వంతు కావాలి. చెట్లకింద అంత వెలుతురు ఉండదు గనుక అపెర్చరు పూర్తిగా తెరవాలి, ఐఎస్ఓ పెంచాలి. బొమ్మ కాస్త గరుకుగా వస్తే నష్టం లేదు, కదిలిపోతే మాత్రం ఎందుకూ పనికిరాదు. ట్రైపాడ్ లేనివాడు కొబ్బరి మొద్దుకు ఆనుకోవచ్చు. ఫోకస్ పిట్ట కంటిమీద నిలవాలి. కొమ్మ వెనక తెల్లటి ఆకాశం ఉంటే పిట్ట నల్లగా పడుతుంది, అప్పుడు ఎక్స్‌పోజరు ఒక స్టాపు పెంచాలి. పొద్దున్నే, సూర్యుడు మన వీపు వైపు ఉండగా, పళ్లున్న మర్రి దగ్గర కదలకుండా కూర్చుంటే పిట్టే మన దగ్గరకు వస్తుంది.

ఈ కూర్చునే విద్యను సలీం అలీ దగ్గర నేర్చినవాడు లోక్ వాన్ థో. సింగపూరు కోటీశ్వరుడు, సినిమాహాళ్ల యజమాని. 1942లో యుద్ధం నుంచి పారిపోతుంటే ఓడ మీద బాంబులు పడి ఒళ్లు కాలింది. ఎలాగో బొంబాయి చేరి సలీం అలీకి స్నేహితుడయ్యాడు. ఇద్దరూ కలిసి కచ్, కాశ్మీరు, సిక్కిం తిరిగారు. ఒకరు నోటుబుక్కులో రాస్తే ఒకరు కెమెరాతో పట్టారు. మన రైతులు చేలో మంచె వేసుకుని కాపు కాసినట్టే, లోక్ మరుగు కట్టుకుని అందులో గంటల కొద్దీ కూర్చునేవాడు. 1957లో తన ఫోటోలతో పుస్తకం వేశాడు.

సలీం అలీ తుపాకితో పక్షుల్ని కొట్టినమాట దాచాల్సింది కాదు. ఆనాటి శాస్త్రం చచ్చిన నమూనా మీదే నడిచేది. 1931–32లో నిజాం రాజ్యంలో ఆయన చేసిన పక్షుల సర్వే అలాంటిదే. జీతం వద్దు, ఖర్చులు పెట్టుకుంటే చాలని సంస్థానాలను అడిగి, తెహ్మీనాతో డేరాల్లో బతుకుతూ చేసిన పని. తొంభై ఏళ్ల కిందట తెలంగాణలో ఏ పిట్ట ఎక్కడ ఉండేదో ఈనాడు తెలుస్తోందంటే ఆ కాగితాల పుణ్యమే. 1939లో చిన్న ఆపరేషన్ తర్వాత తెహ్మీనా చనిపోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు, పని ఆపలేదు. 1941లో భారతదేశపు పక్షుల మీద బొమ్మల పుస్తకం, 1968–74 మధ్య రిప్లేతో కలిసి పది సంపుటాలు. 1976లో పద్మవిభూషణ్. గెట్టీ బహుమతి సొమ్మును సొసైటీకే ఇచ్చేశాడు. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచకుండా ఆపినవారిలో ఆయనా ఒకడు. 1987 జూన్ 20న కన్నుమూశాడు. లోక్ విమాన ప్రమాదంలో పోయింది కూడా జూన్ 20నే, 1964లో.

ఈనాడు తుపాకి అక్కర్లేదు, కెమెరా చాలు. కాని కెమెరా కూడా చంపగలదు సుమా! గూడు బాగా కనపడాలని ఆకులు కోస్తే ఎండకు పిల్లలు మాడతాయి, కాకి ఎత్తుకుపోతుంది. దగ్గరకు పోతే తల్లి గుడ్లు వదిలేస్తుంది. టెలిఫోటో లెన్సు ఉన్నది దూరంగా నిలబడటానికే.

మా ఊరి దగ్గర తేలినీలాపురం చెట్లమీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ అంటారు. నిజానికి అవి మన దక్షిణాసియా పక్షులే. ఏ పిట్ట ఎక్కణ్ణుంచి వస్తుందో తేల్చేందుకు 1959 నుంచి సలీం అలీ బృందం వేల పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగింది. ఇవి మేతకు మా తంపర నేలలకు, ఉప్పుమళ్ల దిక్కు పోతాయి. ఆ తంపరలోనే థర్మల్ కేంద్రం వద్దని 2011లో కాకరాపల్లిలో జనం పోరాడారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. రేపు ఎవరైనా అక్కడ పక్షులే లేవంటే, ఉన్నాయని చూపించాల్సింది మనమే.

కాబట్టి మిత్రులారా, ఫోటో తీస్తే వెనక తేదీ, చోటు, చెట్టు పేరు, పిట్ట ఏం చేస్తోందో రాయండి. సలీం అలీ జీవితమంతా చేసిన పని అదే. దానికి ఖరీదైన లెన్సు అక్కర్లేదు.