మూడోసారి గట్టెక్కిన మేధావి

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరు దొరగారికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకుంది.

1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిళ్లు కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అయినా హార్వర్డు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఎముకల మూలుగలో ఎర్రకణాలు సక్రమంగా పుట్టాలంటే ఇది కావాలి. లేకపోతే కణం లావెక్కుతుందే గాని సరిగా విభజన కాదు, మనిషి పాలిపోతాడు. స్ప్రూ రోగులు దీనితో కోలుకున్నారు. అన్నదమ్ములకు అందని మందు రెండు దశాబ్దాలు దాటాక లోకానికి అందింది!

రక్త కాన్సరు కణాలు పెరగడానికీ ఫోలిక్ ఆమ్లమే కావాలి. అందుకని దాన్ని పోలిన నకిలీ పదార్థం అమినాప్టెరిన్‌ను ఆ బృందమే తయారుచేసింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకిస్తే 10 మందికి తాత్కాలికంగా జబ్బు తగ్గింది. బోదకాలు పురుగులను చంపే హెట్రజాన్ కూడా ఈ ప్రయోగశాల బిడ్డే.

1948లో, 53 ఏళ్లకే న్యూయార్కులో కన్నుమూశారు. నేడు మన మాచవరంలో గర్భిణులకిచ్చే ఐరన్ మాత్రలో ఉన్నదీ ఆ ఫోలిక్ ఆమ్లమే. పరీక్ష తప్పి దిగులుపడే మిత్రులు ఆ మాత్రను చూసినప్పుడు ఈయనను తలచుకుంటే చాలు.