కాలువ తవ్వించిన క్లౌ దొర



సెలవు రోజు పిల్లల్ని పడవ ఎక్కించడానికి తడ నుంచి భీములవారిపాలెం తీసుకెళ్తుంటారు కదా. ఆ పులికాట్ సరస్సు మీదుగానే బకింగ్‌హామ్ కాలువ సాగుతుంది. ఇదే కాలువలో ఒంగోలు వైపు మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని తవ్వించింది ఒక పాస్టరు! పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలు వాళ్లకు క్లౌ దొర.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. యువకుడిగా సర్వేయరు పని చేశారు. 1865లో భార్య హారియెట్‌తో మద్రాసులో ఓడ దిగి, కొంతకాలం నెల్లూరులో ఉండి, 1866లో ఒంగోలు చేరారు.

అక్కడ పెట్టిన బడికి మొదట బ్రాహ్మణ పిల్లలు వచ్చారు. అదే రోజుల్లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన వెంట ఆయన వాళ్లూ రాసాగారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపమని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. కొత్త బడికి అడ్మిషన్లు పోవడమంటే ఏమిటో మాలాంటి టీచర్లకు బాగా తెలుసు. క్లౌ దంపతులు మాత్రం పేరయ్య వాళ్లనే చేర్చుకున్నారు. పెద్దలు అన్నంత పనీ చేసి పిల్లల్ని మాన్పించారు.

కొత్తగా వచ్చినవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. మరి పల్లెల్లో చెప్పేదెవరు? 1872లో రామాపట్నంలో బోధకుల శిక్షణ పాఠశాల మొదలైంది. దాని కోసం క్లౌ అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి నిధులు పోగుచేశారు. పల్లె మనుషులే చదువుకుని, తిరిగి తమ పల్లెలకే పంతుళ్లుగా వెళ్లారు. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఇదే.

1876లో కరువు వచ్చింది. రెండేళ్లలో లక్షల మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా కాలువ తవ్వకం మొదలుపెట్టింది. కానీ పనిచోట్ల మేస్త్రీల దౌర్జన్యం ఎక్కువ. అందుకే క్లౌ తానే కాంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వే చదువు అప్పుడు అక్కరకొచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. ఏ కులం వాళ్లు వచ్చినా పని ఇచ్చి, కూలి సరిగా చేతిలో పెట్టారు.

ఆ కరువు రోజుల్లో ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. అయినా, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆపేశారు. కరువు పని ముగిశాక కూడా జనం తగ్గలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసమే చేరారని తర్వాత కూడా అన్నవాళ్లున్నారు. కూలి ఇచ్చినన్నాళ్లూ ఆయన తలుపు మూసే ఉంచారని వాళ్లకు గుర్తుచేయాలి.

ఒంగోలులో మిషన్ హైస్కూలు తర్వాత వచ్చింది. క్లౌ 1910లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన చెప్పగా రెండో భార్య ఎమ్మా రాసిన జీవితకథ 1914లో అచ్చయింది. ఒంగోలులో ఆయన పేరిట ఆసుపత్రి కూడా వెలిసింది.

ఈసారి సూళ్లూరుపేటలో విజయవాడ రైలెక్కితే, ఒంగోలు దాటిన కాసేపటికి ఒక పెద్ద వంతెన వస్తుంది. కింద కనిపించేది గుండ్లకమ్మ. పిల్లలు నిద్రపోతుంటే లేపి చూపించండి.