హంపిలో ఏడేళ్లు ఉన్న గోల్కొండ సుల్తాన్

హంపి వెళ్లినవాళ్లు విరూపాక్ష గుడి, రాతి రథం, ఏనుగుల శాలలు చూసి వచ్చేస్తారు. మేమూ మొన్న అలాగే తిరిగాం. ఒకచోట గైడ్ ఈ నగరాన్ని సుల్తాన్లు నాశనం చేశారని చెబుతూ, అమ్మీ బుర్ఖా చూసి మాట మధ్యలో ఆగిపోయాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ సుల్తాన్లలో ఒకరు అంతకుముందు ఇదే ఊళ్లో అతిథిగా బతికారు. ఆ సంగతి చాలామందికి తెలీదు. ఆయనే ఇబ్రహీం కులీ కుతుబ్ షా.

గోల్కొండ రాజ్యం నిలబెట్టిన సుల్తాన్ కులీకి ఇబ్రహీం చిన్న కొడుకు. 1543లో ముసలి సుల్తాన్‌ను నమాజులో ఉండగానే చంపేశారు. చంపించింది కన్నకొడుకు జంషీదే. ఇంకో అన్న కళ్లు పీకించాడు. తర్వాత వంతు తనదేనని ఇబ్రహీంకు అర్థమైంది. అప్పుడాయన దేవరకొండలో ఉన్నాడు. ముందు బీదర్ పారిపోయాడు, అక్కడా నిలవలేక తుంగభద్ర దాటి విజయనగరం చేరాడు. అక్కడ పెత్తనమంతా అళియ రామరాయలది. శరణు అడిగిన కుర్రాణ్ణి ఆయన కాదనలేదు.

ఏడేళ్లు. చిన్న కాలమేం కాదు. విజయనగరంలో ముస్లింలు కొత్తేమీ కాదు. రాయల సైన్యంలో మన గుర్రపు రౌతులు, విలుకాళ్లు ఉండేవారు. రెండో దేవరాయల దగ్గర పనిచేసిన అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు ఇప్పటికీ అక్కడుంది. చూడ్డానికి మంటపంలాగే ఉంటుంది, తెలీకపోతే పక్కనుంచే దాటిపోతాం. ఆ కొలువులోనే ఇబ్రహీంకు తెలుగు అబ్బింది. దర్బారులో మాట్లాడే తెలుగే కాదు, కావ్యాల తెలుగు కూడా.

1550లో జంషీద్ చనిపోయాడు. వాళ్ల పసివాణ్ణి గద్దె మీద కూర్చోబెడితే రాజ్యం సాగలేదు. అప్పుడు జగదేవరావు లాంటి నాయకవాడీలు ఇబ్రహీంను పిలిపించి సుల్తాన్‌ను చేశారు. ముప్పై ఏళ్లు ఏలాడు. గోల్కొండ చుట్టూ గోడల్ని రాయీ సున్నంతో గట్టిచేశాడు. హుస్సేన్ సాగర్, మూసీ మీద పురానాపూల్ ఆయన కాలంలోనివే. రోజూ ఆ వంతెన పక్కనుంచి ఆటోల్లో పోయేవాళ్లం మనం, కట్టించిందెవరో ఎప్పుడూ అడగలేదు!

తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన అధికారి, పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్ర ఇచ్చాడు. సంస్కృతం కలపకుండా అచ్చ తెలుగులో రాసిన మొదటి కావ్యం అదే. తెలుగు మనది కాదన్నట్టు ఎవరైనా మాట్లాడితే ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

మరి తాళికోట? ఇక్కడే నాకు మింగుడుపడదు. సుల్తాన్లు కొట్టుకుంటుంటే రామరాయలు ఓసారి ఒకరి పక్కన, ఓసారి ఇంకొకరి పక్కన చేరి అందరి దగ్గరా భూములు లాక్కున్నాడు. గోల్కొండ నుంచీ కోటలు పోయాయి. ఇబ్రహీంతో చెడిన జగదేవరావుకూ ఆయనే ఆశ్రయమిచ్చాడు. చివరికి ఒకరినొకరు నమ్మని సుల్తాన్లంతా ఒక్కటయ్యారు. అహ్మద్‌నగర్ హుస్సేన్ నిజాం షా తన కూతురు చాంద్ బీబీని బీజాపూర్ అలీ ఆదిల్ షాకు ఇచ్చి ఆ పొత్తు గట్టి చేసుకున్నాడు. ఇబ్రహీం కూడా చేరాడు. 1565 జనవరిలో కృష్ణ ఒడ్డు దగ్గర యుద్ధం జరిగింది. ముసలి రామరాయల తల నరికించింది నిజాం షా. ఆ తర్వాత సైన్యాలు నెలల తరబడి విజయనగరాన్ని దోచాయి. ఇబ్రహీం కుర్రతనమంతా గడిచిన వీధులవి.

దీన్ని మతయుద్ధం అని తేల్చేస్తే పని సులువే. కానీ లెక్క అలా కుదరదు. రాయల వైపూ ముస్లింలున్నారు, సుల్తాన్ల వైపూ హిందువులున్నారు. 1579లో అహోబిలం గుడిని దోచింది గోల్కొండ సేనే, దాని నాయకుడు మురహరి రావు బ్రాహ్మణుడు. అలాగని ఇబ్రహీం మీద మచ్చ లేదనీ నేను చెప్పను. అన్నం పెట్టిన ఇంటి మీదికి కత్తి పట్టుకెళ్లాడు. కోటలు పోయిన రాజుగా అది ఆయనకు తప్పలేదేమో. అయినా నమక్ మాట నమక్కే కదా.

ఇబ్రహీం 1580లో చనిపోయాడు. గోల్కొండ కోట దగ్గర ఏడు గుంబజుల్లో ఆయన సమాధి ఉంది. పక్కనున్న కొడుకు ముహమ్మద్ కులీ గుంబజు పెద్దది, చార్మినార్ కట్టినాయన కాబట్టి జనమంతా అటే పోతారు. హంపి నుంచి తిరిగొచ్చిన ఆదివారం నేనూ అమ్మీ ఇటు వెళ్లాం. ఫాతిహా చదివి బయటికొచ్చాక, ఆ గైడ్‌కు ఈ కథ చెప్పాల్సింది కదా అంది అమ్మీ.